రంగిటోటోకి ఒక పూట

ఆక్లాండ్‌లో పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లు స్కై టవర్ ఎక్కి ఊరంతా చూశామనుకుంటారు. నా మాట విని ఒక పూట రంగిటోటోకి ఇవ్వండి. ఆ నగరం కూర్చున్నదే యాభైకి పైగా అగ్నిపర్వతాల మీద. వాటిలో అన్నిటికన్నా పెద్దదీ, వయసులో చిన్నదీ ఈ దీవే. రేవు నుంచి ఫెర్రీలో అరగంట, అక్కణ్ణుంచి 259 మీటర్ల శిఖరానికి గంట నడక. ఎత్తు ఏపాటిది? ఆశ్చర్యమంతా వయసులోనే ఉంది. సుమారు 600 ఏళ్ల కిందట ఈ కొండ సముద్రంలోంచి లేస్తున్నప్పటికే పక్కనున్న మోటుటాపు దీవిలో మావోరీలు ఉన్నారు. అది కక్కిన బూడిదలో వాళ్ల అడుగులూ, వాళ్ల కుక్కల అడుగులూ అచ్చుపడి దొరికాయి. పుట్టుకను మనుషులు కళ్లారా చూసిన కొండ! దారి పక్కన మట్టి కనబడదు, అంతా నల్లటి లావా రాయి. ఆ పగుళ్లలోనే వేళ్లు దించి పొహుటుకావా చెట్లు అడవి కట్టాయి. ఆ జాతి అడవుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే. ఎలుకలనూ, ముంగిసలాంటి స్టోట్‌లనూ ఏరివేసి 2011లో దీవిని వాటి బెడద లేనిదిగా ప్రకటించారు. అందుకే పడవ ఎక్కేముందు బూట్ల మట్టి దులుపుకోమంటారు, సంచులు వెతుక్కోమంటారు. దాన్ని చాదస్తమనేవాళ్లతో నేను ఒప్పుకోను: చూలుతో ఉన్న ఒక్క ఎలుక చాలు, ఏళ్ల శ్రమ మట్టిపాలు. దీవిలో కొట్లు లేవు కాబట్టి నీళ్లూ తిండీ వెంట తీసుకెళ్లండి, చెత్తంతా తిరిగి తెచ్చుకోండి, ఆఖరి ఫెర్రీ వేళ ముందే కనుక్కోండి.