చివరి 48 సెకండ్లు

ఈ మాసమున నేను వ్రాయబూనిన విషయమును జూచి మీలో కొందరు నవ్వుకొందురేమో. పచ్చళ్లు, నోములు, పిల్లల చదువులు విడిచి ఈమెకు అమెరికావారి బంతియాటతో నేమి పని యని యడుగుదురేమో. మొన్నటిదాక నాకును దానితో పనిలేదు. సంక్రాంతికి వచ్చిన మా చెల్లెలి కుమార్తె తెచ్చిపెట్టిన తగవిది. ఆ పిల్ల నెబ్రాస్కా రాష్ట్రమున లింకన్ పట్టణమునందలి విశ్వవిద్యాలయములో గణాంకశాస్త్రము చదువుచున్నది. అచ్చట కళాశాల విద్యార్థుల ఫుట్‌బాల్ ఆట జరుగు శనివారమున ఊరంతయు ఎఱ్ఱబట్టలు దాల్చి తిరునాళ్లకు బోయినట్లు పోవుదురట. ఆమె యద్దెకున్న యింటి ముసలాయన 1984 లో జరిగిన యొక యాటను గూర్చి నేటికిని భోజనపు బల్లకడ వాదమునకు దిగునట. ఆయన తమ్ముడు వచ్చినచో ఆ పూట వంట చల్లారిపోవలసినదేనట! నలుబదేండ్లు దాటినను చల్లారని తగవేమా యని నాకును కుతూహలము పుట్టినది.

ముందు ఆట సంగతి రెండు మాటలలో చెప్పెదను. మన వీధులలో పిల్లలు ఆడు ఫుట్‌బాల్ వేరు, ఇది వేరు. ఇందు బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. కాలితో దన్నుట తక్కువ. చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు నెక్కువ. పక్షమునకు పదునొకండుగురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగలేకున్న బంతి ఎదుటివారి పాలగును. ఎదుటివారి కొసగీతను దాటించినచో 6 పాయింట్లు. దీనిని టచ్‌డౌన్ అందురు. ఆపైన, అంగడిలో బేరమునకు వలె, ఒక కొసరు కలదు. మన కథకంతకు ఆ కొసరే మూలము. బంతిని కాలదన్ని రెండు స్తంభముల నడుమ నుండి పంపినచో 1 పాయింటు; ఇది దాదాపు చేతిలోనున్న పని. అట్లుగాక మూడు గజముల దూరమునుండి మరల నొక్కసారి గీత దాటింపబూనినచో 2 పాయింట్లు, తప్పినచో సున్న. ఏది కోరవలెనో నిర్ణయించువాడు ఆడుచున్న పిల్లవాడు గాడు. గట్టుమీద నిలిచియున్న కోచ్.

1984 జనవరి 2 వ తేదీ రాత్రి మయామీ నగరమున ఆరెంజ్ బౌల్ అను ఆట జరిగినది. నెబ్రాస్కావారు ఆ యేడు ఆడిన 12 ఆటలను గెలిచి దేశమున ప్రథమస్థానమున నుండిరి. ఎదుటివారు ఆ యూరివారే, మయామీ విశ్వవిద్యాలయమువారు. ఆ కాలమున దేశవిజేత యెవరన్నది పత్రికా విలేఖరుల యొక్కయు, కోచుల యొక్కయు ఓట్లతో నిర్ణయింపబడుచుండెను. నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్బర్న్ 1973 నుండి ఆ పదవిలో నుండియు ఒక్క మారైనను ఆ కీర్తి నందినవాడు కాడు. ఇంకొక సంగతి గూడ గుర్తుంచుకొనుడు: నాడు సమముగా ముగిసిన యాట సమముగానే నిలిచిపోవుచుండెను. అదనపు ఆటతో తేల్చు పద్ధతి కళాశాలల ఆటలన్నిటికిని వచ్చినది 1996 లో.

మొదటి భాగము ముగియునప్పటికే మయామీవారు 17–0 తో ముందుండిరి. నెబ్రాస్కావారు పుంజుకొని 17–17 చేసిరి. మరల మయామీవారు 31–17 కు పోయిరి. ఆ యేటి హైస్మన్ బహుమతి నందిన మైక్ రోజియర్ అను నెబ్రాస్కా మేటి గాయపడి ఆట విడిచెను. ఆతనికి బదులు వచ్చిన జెఫ్ స్మిత్ నాలుగవ భాగమున ఒక టచ్‌డౌన్ చేసెను. కొసరుగా కిక్కు కొట్టి 31–24 చేసిరి. ఈ కిక్కును మీరు మనసున నుంచుకొనుడు. దీనితో మరల పనిబడును.

ఇక చివరి నిమిషము. నెబ్రాస్కావారికి నాలుగవ ప్రయత్నము. ఎనిమిది గజములు కావలెను, కొసగీత యింకను 24 గజముల దూరమున నున్నది. బంతి స్మిత్ చేతికి వచ్చెను. ఆ పిల్లవాడు ప్రక్కగా పరుగెత్తి గీత దాటినాడు! గడియారమున మిగిలినవి 48 సెకండ్లు. 31–30. ఒక్క కిక్కు కొట్టిన సమము. సమమైన చాలును, ఓటమి యెరుగని జట్టు వారిదే గనుక ప్రథమస్థానము వారికే దక్కియుండునని నేటికిని చాలమంది తలంచుచున్నారు. ఆస్బర్న్ కిక్కు కోరలేదు. 2 పాయింట్లకు దిగుడనెను. టర్నర్ గిల్ అను క్వార్టర్‌బాక్ స్మిత్ వైపునకు బంతిని విసరెను. మయామీ ఆటగాడు కెన్ కల్హూన్ చేయి సాచి వ్రేళ్లతో దానిని తాకెను. బంతి దారి తప్పి నేల పాలైనది. 31–30 తో మయామీ గెలిచెను. ప్రథమస్థానమును మయామీకే దక్కెను.

మా పిల్ల ఈ యాటను చరవాణిలో మాకు చూపినది. కనుమనాటి మధ్యాహ్నము గారెలు తినుచు చూచితిమి. చూచుట ముగిసినదో లేదో మా యింటను రెండు పక్షములేర్పడినవి. మా వారు బడిపంతులు గదా, తీర్పునకు తడవు లేదు. “పండ్రెండు ఆటలు గెలిచిన పిల్లల యేడాది కష్టమును ఒక్క విసరుమీద పందెమొడ్డుటకు ఈయన యెవడు? ధర్మరాజునకును ఈయనకును భేదమేమి?” అనిరి. నాకు ఒడలు మండినది. “ధర్మరాజు ఆడనక్కరలేని ఆటకు కూర్చుండెను. ఈయన ఆడవలసిన యాట నాడెను. గెలుచుటకు వచ్చి, గెలుపు మూడు గజముల దూరమున నుండగా సమమునకు చేయి చాచుట మీ పాఠములలో నున్నదా?” అంటిని. మా పిల్ల నవ్వి, “పెద్దమ్మా, పెదనాన్నగారూ, లింకనులో మా యింటాయనయు ఆయన తమ్ముడును సరిగా నీ మాటలే యనుచుందురు” అన్నది.

ఆమె మరియొక యాట సంగతి చెప్పినది. 1966 నవంబరు 19 న మిచిగన్ స్టేట్, నోటర్ డేమ్ జట్లు ఆడినవి. మొదటిది అప్పుడు రెండవ స్థానమున, రెండవది ప్రథమస్థానమున నున్నవి. ఆట 10–10 గా నుండగా నిమిషమునకు కొంచె మెక్కువ మిగిలినది. బంతి నోటర్ డేమ్ వారి చేత తమ వైపు 30 గజముల గీతకడ నున్నది. వారి కోచ్ ఆరా పర్షీగన్ సాహసింపలేదు. అతని మొదటి క్వార్టర్‌బాక్ గాయపడియుండెను. బదులు ఆడుచున్న బాలుడు మధుమేహరోగి, బాగుగా అలసియుండెను. బంతి పోయిన ఆట పోవును. కాన పరుగులతో కాలము గడిపించెను. ఆట సమమైనది. ఆటస్థలమందే ఎదుటివారు పరిహసించిరి. మరుసటి వారము నోటర్ డేమ్ వారు మరియొక జట్టుపై 51–0 తో గెలిచి ప్రథమస్థానమును నిలుపుకొనిరి. మా వారు కోరిన ఫలితమే గదా! అయినను ఆయనను జీవితాంతమును “సమమునకు ఆడినవాడు” అని ఎత్తిపొడిచిరట. ఓడిన ఆస్బర్నునకు ధీరుడను పేరు, ప్రథమస్థానము నిలుపుకొన్న పర్షీగనునకు పిరికియను నింద. లోకుల తీర్పు ఎప్పుడును ఫలితమునే అనుసరించునని నేననుకొనుచుంటిని. అదియు నిజము కాదాయెను.

అన్నియు ఇట్టి ధర్మసంకటములే యనుకొనకుడు. ఒట్టి పొరపాట్లును కలవు. 2023 అక్టోబరు 7 న మయామీవారు జార్జియా టెక్ జట్టుపై 20–17 తో ముందుండిరి. బంతి తమదే. ఎదుటివారికి ఆట నాపు హక్కులు మిగులలేదు. క్వార్టర్‌బాక్ మోకాలు నేల నానించి కూర్చుండిన చాలును, గడియారము తానే తిరిగి ఆట ముగిసెడిది. కోచ్ మారియో క్రిస్టోబాల్ పరుగు తీయించెను. బంతి చేజారెను, 26 సెకండ్లు మిగిలియుండగా ఎదుటివారికి దొరకెను, వారు మైదానమంతయు దాటి 23–20 తో గెలిచిరి. మోకాలూనవలసినదని కోచే యొప్పుకొనెను. పాలు పొయ్యిమీద బెట్టి వీధిలోనికి పోయినట్టి దిది. దీనికి వాదమెందుకు?

ఇచ్చట నాకు సంజయుడు జ్ఞప్తికి వచ్చినాడు. భారతమున భీష్ముడు పడిన సంగతి సంజయుడు ముందే వచ్చి చెప్పును. పిదప ధృతరాష్ట్రుడు యుద్ధకథ మొదటినుండి యడుగును. ఫలము తెలిసినవాడు కారణము లడుగుచున్నాడు. అప్పుడెవరేమి చేసినను అది తప్పుగానే తోచును. ఆటను నలుబదేండ్ల పిమ్మట తర్కించు వారందరును ధృతరాష్ట్రులే. వంటయింటి గుమ్మమున నిలిచి ‘నేనైన నిట్లు చేసియుందును’ అనుచున్న మేము మాత్రము ఉత్తరకుమారులమై యుంటిమి. ఆయన డంబములును అంతఃపురస్త్రీల నడుమనే గదా!

మా పిల్ల మాత్రము మా యిద్దరి మాటయు ఒప్పలేదు. క్యాలెండరు చింపి దాని వెనుక లెక్క వేసి చూపినది. “ఆస్బర్న్ చివరి నిర్ణయము సరియా కాదా యని అందరు తగవులాడుదురు. ఆ ప్రశ్న ఆ ముందటి టచ్‌డౌన్ నాడే పుట్టినది, పెద్దమ్మా” అన్నది. మీరును చూడుడు. 2 పాయింట్ల ప్రయత్నము సగముపాళ్లు ఫలించును, సగముపాళ్లు తప్పును అనుకొందము, కిక్కు తప్పదనుకొందము. 31–17 నుండి మొదటి టచ్‌డౌన్ చేసి 31–23 అయినప్పుడు వారు కిక్కు కొట్టిరి గదా. అప్పుడే 2 పాయింట్లకు దిగియుండిన నేమగును? ఫలించినచో 31–25. తరువాతి టచ్‌డౌనుతో 31–31, ఆపైన వట్టి కిక్కుతో 32–31 గెలుపు! సాహసముతో పనియే లేదు. తప్పినచో 31–23, తరువాతి టచ్‌డౌనుతో 31–29, అప్పుడు 2 పాయింట్లకు మరల దిగవచ్చును, ఫలించిన మా వారు కోరు సమము. అట్టి ఆటలు నాలుగు జరిగినవనుకొన్నచో రెండిట గెలుపు, ఒకదాన సమము, ఒకదాన ఓటమి. ఆస్బర్న్ త్రోవన నాలుగింట రెండు గెలుపులు, రెండు ఓటములు. మొదట తప్పియుండిన మయామీవారును తమ యాట మార్చుకొనియుందురేమో, అంత సూటిగా చెప్పరాదని పిల్లయే యన్నది. కాని లెక్క లెక్కయే. వారి కంటికి కిక్కు మామూలు పని. మామూలు పనినెవరు ప్రశ్నింతురు? చివరి 48 సెకండ్లే అందరి కన్నులకును కనబడినవి.

ఆ కాగితము చూచుచు నేను చాలసేపు ఊరకుంటిని.

మూడేండ్ల క్రిందట శ్రావణమాసమున ఒకనాటి అర్ధరాత్రమున మా మామగారికి గుండెలో నొప్పి వచ్చినది. మా వారు పరీక్షల పనిమీద పొరుగూర నుండిరి. ఇంట నేనును పిల్లలును. వాన. దారిలో వాగు పొంగుచున్నదని తెలియును. తెల్లవారుదాక కదల్పవద్దని కొందరు, ఇప్పుడే పట్టణపు ఆసుపత్రికి చేర్పుమని కొందరు. నేను చేర్పవలెననుకొంటిని. ఆటోలో బయలుదేరితిమి. వాగుకడ గంటకు పైగా నిలిచిపోతిమి. ఆసుపత్రికి చేరిన రెండవనాడు ఆయన పోయిరి. పదవనాడు బంధువులలో నొక పెద్దామె, “కదల్పకయున్న బ్రదికియుండునే యమ్మా” అన్నది. ఆ మాట నాటినుండి నాలో ముల్లువలె నున్నది. వాగు దాటితిని గదా, దాటకున్న నేమగునో యని యెన్ని రాత్రులు లెక్క వేసికొంటినో! ఆయన బ్రదికియుండిన ఆ పెద్దామెయే నన్ను మెచ్చుకొని యుండును.

కాగితము చూచినప్పుడు జ్ఞప్తికి వచ్చినది మాత్రము వాగు కాదు. ఆనాటి సాయంకాలము. అన్నము వడ్డించుచుండగా మామగారు, “ఎడమచేయి లాగుచున్నదమ్మా” అనిరి. అప్పటికి వెలుగుండెను. వాన మొదలు కాలేదు. పట్టణమునకు ఆరు గంటల బస్సు ఇంకను పోలేదు. చేయి తలక్రింద బెట్టుకొని పడుకొనియుందురు, నూనె రాసెదనని యంటిని. రాసితిని. ఆ నూనెను గూర్చి నన్నెవరును తప్పు పట్టలేదు. వారికి తెలియదు.

ఈ మాట మా వారికి ఆనాడే మొదటిసారి చెప్పితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిదప, “నేనుండినను నూనెయే రాయుమందును” అనిరి.

ఆస్బర్న్ ఆ పిమ్మట 1994, 1995, 1997 సంవత్సరములలో ప్రథమస్థానము సాధించి, మొత్తము 255 గెలుపులతో కోచ్ పని విరమించెను. పిమ్మట అమెరికా ప్రతినిధిసభలోను కూర్చుండెను. లింకనులోని ముసలాయన మాత్రము ఆ గెలుపుల మాట ఎత్తడట. 1984 నాటి విసరునే తలచునట. పిల్ల ఈ నెల వ్రాసిన లేఖలో, క్యాలెండరు మీది లెక్కను ఆయనకు చూపితినని తెలిపినది. ఆయన కన్నద్దములు పెట్టుకొని రెండుసార్లు చదివి, మడిచి జేబులో నుంచుకొని, తమ్ముడు వచ్చు ఆదివారమెప్పుడా యని యెదురు చూచుచున్నాడట.