కొత్త పెట్టలు ముంగిట్లోకి వచ్చినప్పుడు



కిందటి నెల ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా సంఘంలో కోత పండుగనాడు వేలంపాటలో మూడు పెట్టలను పాడుకున్నాము. కోసుకుందామంటే పిల్లలు ఒప్పుకోవడం లేదు, అప్పుడే పేర్లు కూడా పెట్టేశారు. మాకు కోళ్లు పెంచిన అలవాటు లేదు. ఎలా మొదలుపెట్టాలి?"

పేర్లు పెట్టిన తరువాత ఇక కోయడం జరిగే పని కాదు లెండి. వేలంలో వచ్చినవైనా, పుట్టింటివారు ఇచ్చినవైనా, సంతలో కొన్నవైనా, ఎదిగిన పెట్టలను ఇంకొకరి ఇంటినుండి తెచ్చుకొని మొదలుపెట్టడం మంచి పద్ధతే. పసిపిల్లలకువలె వెచ్చదనం, కాపలా వాటికి అక్కరలేదు. అయితే మొదటి మూడు వారాలు జాగ్రత్తగా ఉండాలి. ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను గనుక ముందు అదే చెబుతాను.

చాలా ఏళ్ల క్రిందట మా ఇంట పదకొండు కోళ్లుండేవి. ఎండలు ముదురుతున్న రోజుల్లో సంతలో రెండు పెట్టలు మరీ చవకగా వచ్చాయి. ఎందుకంత చవక అని అడగాలని నాకు తోచలేదు. ఆ సాయంత్రమే వాటిని మా కోళ్లతోపాటు గూట్లోకి తోలాను. ఆరవ రోజున కొత్త పెట్ట ఒకటి రెక్కలు వ్రేలాడేసి మూలన నిలబడింది. నోరు తెరచి గురగురమంటూ ఊపిరి తీస్తోంది, రెట్ట పచ్చగా నీళ్లవలె పడుతోంది. మరునాటికి ఇంకో రెండు మెడలు మెలితిప్పుకొన్నాయి. వెల్లుల్లి, పసుపు, ఎవరో ఇచ్చిన మాత్రలు, అన్నీ వేశాను. రెండు వారాల్లో పదమూడింటికి మూడు మిగిలాయి.

అంతటితో పోలేదు. మా గోడ అవతల ఒక పెద్దమ్మ ఉండేది. భర్త లేడు, మనుమడిని చదివించుకొనేది. ఆమెకున్నవి నాలుగే పెట్టలు. ఆ గుడ్ల డబ్బులతోనే పిల్లవాడి నోటుపుస్తకాలు, పెన్నులు కొనేది. నా కోళ్ల తరువాత ఆమె నాలుగూ చచ్చాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. మా మూడింటిలో రెండు ఆమెకిచ్చాను గాని, ఆ ఏడాది పోయిన గుడ్లు తిరిగి ఇవ్వలేను గదా.

అది కొక్కెర తెగులు. దీనిని 1920ల చివర హిమాలయ కొండల్లోని రాణిఖేత్ దగ్గర గుర్తించినందున పశువుల డాక్టర్లు రాణిఖేత్ వ్యాధి అంటారు. ఇది వైరస్ వలన వచ్చేది, పట్టుకున్న తరువాత మందు లేదు. కోడి లోపల తెగులు పెట్టుకొని రెండు రోజుల నుండి రెండు వారాల వరకు పైకి బాగానే కనిపించవచ్చు. అందుకే మూడు వారాలు అంటున్నాను.

కొత్త పెట్టలను ఆ ఇరవైఒక్క రోజులు మీ కోళ్లకే గాక పొరుగువారి కోళ్లకు కూడా దూరంగా ఉంచండి. పగలంతా గంప క్రింద కమ్మేసి ఉంచడం మాత్రం పాపం. పెరటి మూల రెండు మంచాలు పట్టేంత చోటును తాటిమట్టలతోనో పాత వలతోనో మూసి, పైన నీడ వేయండి. నీళ్ల మూకుడు వేరుగా ఉండాలి. ఇంట్లో పాత కోళ్లుంటే ముందు వాటికి మేత వేసి, తరువాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లి, వచ్చాక కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోండి. చెప్పులకు అంటిన రెట్టతో కూడా తెగులు ప్రయాణం చేస్తుంది.

ఆ మూడు వారాల్లో ఇంకో మేలు కూడా జరుగుతుంది. ప్రతి సాయంత్రం ఒకే వేళకు, ఒకే పిలుపుతో గుప్పెడు నూకలు వేయండి. తరువాత వదిలిపెట్టినా పొద్దు వాలేసరికి ఆ పిలుపుకు వస్తాయి. వెంటనే వదిలితే మాత్రం పాత యజమాని ఇల్లు దగ్గరదైతే అక్కడికే పోతాయి, దూరమైతే ఏ చెట్టో ఎక్కి బావురుపిల్లికి చిక్కుతాయి.

ఇక టీకా. ఎదిగిన కోళ్లకు కొక్కెర తెగులుకు ఆర్ టు బి అనే సూదిమందు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయించాలి, తెగులు సోకిన తరువాత వేయించి లాభం లేదు. వారం ముందు నట్టల మందు త్రాగిస్తే టీకా బాగా పనిచేస్తుంది. వేసిన తరువాత రెండు మూడు రోజులు మందంగా ఉండవచ్చు, గుడ్డు తగ్గవచ్చు, భయపడకండి. బలం రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది గనుక ఎండలు ముదరకముందే వేయించి, ఆరు నెలలకు మళ్లీ వేయించండి.

అసలు చిక్కు ఎక్కడంటే, సీసా ఒకటి సాధారణంగా నూరు కోళ్లకు సరిపడేది. ఒకసారి కలిపితే రెండు గంటల లోపల వాడేయాలి, అంతసేపూ ఐసులో ఉండాలి. మూడు పెట్టలకోసం సీసా విప్పమంటే ఎవరు విప్పుతారు? కాబట్టి స్త్రీల కూడిక అయిన తరువాత ఒక పది నిమిషాలు కూర్చొని, ఏ ఇంట ఎన్ని కోళ్లున్నాయో చీటీ మీద వ్రాసుకోండి. నూరు చేరడం కష్టం కాదు. చర్చికి రాని ఇళ్లను కూడా లెక్కలో చేర్చండి, తెగులు ఆ గోడ ఈ గోడ అని చూడదు. చీటీ పట్టుకొని పశువుల ఆసుపత్రికి వెళ్లి అడిగితే వారే ఒక రోజు చెబుతారు. ఆనాడు తెల్లవారక ముందు గూళ్లు తెరవకండి. తెరిచారా, ఊరంతా పరుగులే!

ఫారంలో తీసివేసిన తెల్లపెట్టలను తెచ్చుకొనేవారికి ఒక మాట. ఏడాదికి పైగా ఇనుప బోనులో నిలబడిన ప్రాణి అది. ముక్కు కొన కత్తిరించి ఉంటుంది. దండెం ఎక్కడం తెలియదు, నేల గీరడం తెలియదు, గద్దను చూచి దాగడం తెలియదు. కొన్నాళ్లపాటు చీకటి పడగానే చేత్తో ఎత్తి గూట్లో పెట్టాలి. మేత కూడా ఒక్కసారిగా మార్చక, ఫారం మేతలో నూకలు, తవుడు కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. మొదటిసారి బూడిదలో దొర్లినప్పుడు దాని సంబరం చూడవలసిందే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది గనుక, కోళ్లు చస్తున్న ప్రాంతం నుండి ఊరికే ఇచ్చినా తేవద్దు. మీ ఇంట ఒక్కసారిగా రెండు మూడు చస్తే కోసి వండకండి, కాలువలో వేయకండి, బ్రతికినవాటిని సంతకు పంపకండి. పశువుల డాక్టరుకు చెప్పి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. నాకు చవకగా అమ్మినవారు ఎందుకమ్మారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మిగతాదంతా చిన్న పనే. గూడు నేలకు మోకాలెత్తున ఉంటే చెమ్మ తగలదు, ముంగిస దూరదు. నలిపిన నత్తగుల్లలు ఒక చిప్పలో పెడితే గుడ్డు పెంకు గట్టిపడుతుంది. చోటు మారిన పెట్ట కొన్నాళ్లు గుడ్డు పెట్టదు, గొడ్డుదని అనుకోకండి. నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడుతుంది, అదీ విడతలు విడతలుగా. ఎక్కువ గుడ్లు కావాలంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు తయారుచేసిన గ్రామప్రియ ఉన్నది గాని, పొదగడానికి మాత్రం మన నాటుపెట్టే కావాలి.

పొదిగించడం గురించి వచ్చే నెల వ్రాస్తాను. అంతవరకు ఆ సోదరి గుడ్లు దాచిపెట్టవద్దు. పేర్లు పెట్టిన పిల్లలకే ఉడకబెట్టి పెట్టండి.