సైన్యంలో పొదుపు: బందరుకోట చెప్పే పాఠం

రాజ్యానికి సైన్యం అవసరమా అని అడిగేవారు నేడు అరుదు. ఎంత సైన్యం, ఎంత వ్యయం అన్న ప్రశ్న మాత్రం ఏటా ఆదాయవ్యయ పట్టికతోపాటు వచ్చి మన ఎదుట నిలుస్తున్నది. 2025–26 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం రక్షణశాఖకు కేటాయించిన మొత్తం సుమారు 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు. అందులో 1 లక్షా 60 వేల కోట్లకు పైగా, అనగా రూపాయిలో దాదాపు పావలా, పింఛన్లకు కేటాయించినదే. జీవితమంతా సరిహద్దులో గడిపిన వృద్ధ సైనికుని నోటిముందరి కూడు తీయుమని ఎవరూ అనజాలరు. అయినను కొత్త ఆయుధాలకు ధనమెక్కడిదన్న చింత ఏ మంత్రికైనా తప్పదు. కావున పొదుపు దోషం కాదు. పొదుపు చేసే రీతిలోనే గుణదోషాలున్నవి.

ఈ సంగతి తెలుసుకొనడానికి దూరదేశాల చరిత్రలు తిరగవేయనక్కరలేదు. విజయవాడకు డెబ్బది కిలోమీటర్ల దూరంలోని బందరుకోట శిథిలాలే చాలును.

కుంఫిణీవారి మద్రాసు సైన్యంలో 1802 నుండి గుడారాల గుత్త అనే ఏర్పాటొకటి ఉండేది. సిపాయిల పటాలానికి అధిపతియైన దొరకు నెలనెలా నిర్ణీతమైన సొమ్ము ముట్టేది. ఆ సొమ్ముతో ఆయన గుడారాలను, వాటిని మోసే పశువులను సిద్ధంగా ఉంచవలెను. యుద్ధమున్నా లేకున్నా సొమ్ము ఒక్కటే. శాంతికాలంలో గుడారం చిరిగినా అడిగేవారు లేరు. మిగిలినది దొరగారి సంచిలోనికి చేరుతుంది. కుంఫిణీ ఖజానా కటకటలాడుతున్న రోజులవి. ఈ గుత్తను తీసివేయవలెనని బెంటింక్ గవర్నరుగా ఉన్నప్పుడే ఆలోచించినారు. దానిని 1808లో అమలు జరిపినవాడు తరువాత వచ్చిన సర్ జార్జి బార్లో.

లెక్కనుబట్టి చూస్తే అది న్యాయమైన పొదుపే. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, గుత్తను రద్దు చేయుమని సలహా ఇచ్చిన కర్నల్ జాన్ మన్రో తన నివేదికలో దొరల స్వలాభానికి, వారి కర్తవ్యానికి ఆ ఏర్పాటు పోటీ పెట్టినదని వ్రాసినాడు. తమను దొంగలన్నాడని దొరలు మండిపడ్డారు. సేనాధిపతి మెక్‌డోవల్ వారి పక్షం వహించి మన్రోను నిర్బంధించినాడు. బార్లో అతనిని విడిపించినాడు. ఆపైన పంతానికి పంతం పెరిగినది. 1809 మే నెలలో బార్లో పలువురు అధికారులను పనినుండి తొలగించినాడు. విచారణ లేదు, సంజాయిషీ లేదు.

బందరులో మద్రాసు ఐరోపా దళం ఉండేది. ఆ దళాన్ని ముక్కలుచేసి ఓడలెక్కిస్తారని వదంతి పుట్టినది. 1809 జూన్ 25న అక్కడి అధికారులు తమ పైవాడైన కర్నల్ ఇన్నిస్‌ను బంధించి కోటను తమ వశం చేసుకొన్నారు. సర్ జాన్ మాల్కమ్ బందరు వచ్చి సాంత్వనవాక్యాలతో వారిని చల్లబరచజూచినాడు. బార్లోకు ఆ మెతకదనం రుచింపలేదు. తిరుగుబాటు హైదరాబాదుకు, శ్రీరంగపట్టణానికి ప్రాకినది. ఆగస్టులో చిత్రదుర్గంనుండి శ్రీరంగపట్టణానికి నడిచి వస్తున్న సిపాయి పటాలాలపై ప్రభుత్వ పక్షపు గుఱ్ఱపుదళం పడి ఎందరినో నరికివేసినది. ఆ సిపాయిలకు గుడారాల సొమ్ములో దమ్మిడీ వాటా లేదు. దొరలు నడవమన్నారు కనుక నడిచినారు. చివరకు గవర్నరు జనరల్ మింటో స్వయంగా మద్రాసు వచ్చి, కొద్దిమందిని శిక్షించి, తక్కినవారిని క్షమించినాడు. పేచీ దొరలది, ప్రాణాలు సిపాయిలవి.

మన ప్రాంతంలో సైన్యం తరుగుదల కథ అంతటితో ముగియలేదు. మద్రాసు సైన్యంలో ఒకనాడు తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండేవారు. పందొమ్మిదవ శతాబ్ది చివర, కొన్ని జాతులే యుద్ధానికి పనికివస్తాయన్న సిద్ధాంతం బయలుదేరి, దక్షిణాది పటాలాలను ఒక్కొక్కటిగా రద్దుచేసినారు. 1922–23లో ఇంచ్‌కేప్ సంఘం సైనికవ్యయాన్ని తగ్గించుమన్నది. ఆ దశకంలోనే మద్రాసు రెజిమెంటుకూ కోత పడినది. రెండవ ప్రపంచయుద్ధం రాగానే మరల దానిని నెలకొల్పవలసివచ్చినది. త్రెంచినంత సులభంగా అతుకు పడదు. పశ్చిమగోదావరిలో ‘మిలిటరీ మాధవరం’ వంటి గ్రామం తరతరాలుగా బిడ్డలను సైన్యానికి పంపుతున్నదంటే, అది ఆజ్ఞతో పుట్టిన అలవాటు కాదు, నమ్మకంతో నిలిచిన అలవాటు.

ఇక మన కాలానికి వద్దాము. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించినారు. నాలుగేండ్ల కొలువు, అటుపై నూటికి ఇరువదియైదుగురికి మించకుండా కొనసాగింపు, తక్కినవారికి సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి. ఆ నిధికి ప్రభుత్వం వేసేదెంతో సైనికుని జీతంలో కోసి ఉంచేదీ అంతే. పింఛను లేదు. సైన్యానికి యౌవనం వస్తుందని ప్రభుత్వం చెప్పినది. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. కాని కరోనా కారణంగా రెండేండ్లు నియామకాలు నిలిచిపోయి, దేహపరీక్షలో, వైద్యపరీక్షలో నెగ్గి, వ్రాతపరీక్షకై కాచుకొన్న కుఱ్ఱవాళ్లు ఉన్నారు. వారిని మరల మొదటికి పొమ్మన్నారు.

జూన్ 17న సికిందరాబాదు స్టేషనులో రైళ్లు తగులబడినవి. పోలీసుల కాల్పులలో ఒక యువకుడు మరణించినాడు. రైలుకు నిప్పుపెట్టడాన్ని ఎవరూ సమర్థింపరాదు. అయినను ఒక సంగతి గమనింపదగినది. ఆ ఏటికి వయఃపరిమితిని ఇరువదిమూడేండ్లకు పెంచినది జూన్ 16న, దేశంలో అల్లర్లు మొదలైన తరువాత. కేంద్ర సాయుధదళాలలో పదిశాతం రిజర్వేషన్ చెప్పినది జూన్ 18న, ప్రాణం పోయిన మరునాడు. మందు దగ్గరనే ఉన్నది. రోగం ముదిరినదాకా దానిని బయటకు తీయలేదు.

2023లో ఢిల్లీ హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు పథకాన్ని సమర్థించినవి. పాత నియామకాల అభ్యర్థులకు ఉద్యోగంపై హక్కు లేదన్నవి. న్యాయశాస్త్రం దృష్టిలో అది సరియే కావచ్చును. హక్కు లేనివానికి ఆశ ఉండరాదని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పదు. ప్రాణం ఇమ్మని అడిగే కొలువు తాను కల్పించిన ఆశను ఇంత తేలికగా త్రోసిపుచ్చరాదు.

పొదుపును మంచిగా చేయడం ప్రభుత్వానికి తెలియకపోలేదు. షేకట్కర్ సంఘపు సూచనలలో ఒకటి సైన్యపు పాడిపశువుల క్షేత్రాలను మూసివేయడం. నూటముప్పది ఏండ్ల నాటి ఆ క్షేత్రాలను 2021 మార్చి 31న పూర్తిగా మూసినారు. అందలి ఉద్యోగులను అదే శాఖలో వేరు పనులకు మార్చినారు. ఎక్కడా రైలు కాలలేదు. యుద్ధానికి అక్కరలేనిదానిని ముందు తీసివేసి, మనుష్యులకు దారి చూపినందువలన అది సాధ్యమైనది.

2022 చివర, 2023 మొదట చేరిన అగ్నివీరుల నాలుగేండ్ల గడువు 2026 చివరనుండి తీరుతుంది. వారిలో అధికసంఖ్యాకులు ఇరువది నాలుగైదేండ్ల వయస్సులోనే ఊరికి తిరిగి రావలసినవారు. పరీక్ష అప్పుడున్నది. వారికి చూపిన ఉద్యోగాలు కాగితంమీదివా, నిజమైనవా అన్నది గడువుకు ముందే తేలవలెను. లెక్కలు దాచక చెప్పడం, వరుసలో నిలిచినవానికి ఇచ్చిన మాట నిలుపుకొనడం, కోతను పైమెట్టునుండి ఆరంభించడం, పంపివేసే ముందు బ్రదుకుతెరువు చూపడం — ఈ నాలుగూ ఉన్నచోట సైన్యం చిన్నదైనా బలహీనం కాదు. ఇవి కొరవడితే మిగిలిన సొమ్ముకు మించిన నష్టం వస్తుంది. గుడారాలమీద బార్లో ఆదా చేసిన రూపాయలెన్నో నేడెవరికీ గుర్తు లేదు. తిరుగుబాటు మాత్రం గుర్తున్నది.