పిట్టల ఫొటోలు తీసేవాణ్ణి చూసి నవ్వకండి

డ్యూటీ దిగి బస్సు క్యాంపు గేటు దగ్గర ఆగగానే మనలో చాలామంది బకెట్టు పట్టుకుని బాత్రూం లైనుకో, పొయ్యి ఖాళీ ఉందేమోనని కిచెన్‌కో పరుగెత్తుతాం. ఒకరిద్దరు మాత్రం ప్రహరీ వెనకాల నీళ్ళు నిలిచిన గుంట దగ్గర ఫోను పట్టుకుని నిలబడతారు. "పనిలేదురా వీడికి" అని మనవాళ్ళే నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళతోనే నా పేచీ.

నేను సైటు ఆఫీసులో గుమాస్తాను. ఏసీలో కూర్చునేవాడికి టెన్షనేమిటి అంటారు. అరగంట ఓవర్‌టైం ఎక్కలేదని మీరు కోప్పడతారు, ఎక్కించినందుకు పైవాళ్ళు కోప్పడతారు. మీకు ఫోర్‌మన్ తిట్లు, ఇంటి నుంచి అప్పులవాళ్ళ కబుర్లు. ఇవన్నీ తలలో పెట్టుకుని మంచమెక్కితే నిద్రెక్కడిది? కొందరు మందులో పడతారు, కొందరు పేకాటలో. పది నిమిషాలు కదలకుండా పిట్టను చూడటానికి దిర్హమ్ కూడా ఖర్చు కాదు. ఎప్పుడు ఎగిరిపోతుందో అన్న ధ్యాసలో ఆ తిట్లు వెనక్కి పోతాయి.

ఈ ఎడారిలో పిట్టలేమిటి అంటారా? దుబాయి, షార్జాల్లో నీళ్ళు పెట్టి గడ్డి పెంచిన చోట గోరింకలు, రామచిలుకలు, తీతువులు కనబడతాయి. తీతువు అరిస్తే కీడని మన ఊళ్ళలో అంటారు గానీ, గుడ్ల దగ్గరికి రావద్దని కూడా అది అలా అరుస్తుంది. మన కాకులు ఓడలెక్కి ఇక్కడికి చేరినవేనట. వీసా లేదు, ఏజెంటుకు కట్టిందీ లేదు! ఇక చలికాలంలో రాస్ అల్ ఖోర్‌కు వెళ్తే, బూర్జ్ ఖలీఫా కనబడేంత దగ్గరలో, వందలకొద్దీ రాజహంసలు నీళ్ళలో నిలబడి మేస్తుంటాయి. 2007లో రామ్‌సర్ జాబితాకెక్కిన చోటు అది. పులికాట్ సరస్సు, సూళ్ళూరుపేట పక్షుల పండుగ ఎరిగినవాళ్ళకు ఈ పక్షులు కొత్త కాదు.

మన చిక్కల్లా వెలుతురుతోనే. పక్షులు ఎక్కువగా వచ్చే డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 5.30కే పొద్దు గూకుతుంది. జూన్‌లో 7.10 దాకా వెలుతురుంటుంది గానీ అది మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపించే కాలం, ఒంట్లో ఓపికుండదు. కాబట్టి మనకు దక్కేది ఆ మసక వెలుతురే. వెలుతురు తగ్గితే ఫోను ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది, ఆలోగా చెయ్యి కదిలినా పిట్ట కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. ఫోనును గోడకో స్తంభానికో ఆనించండి. ఫ్లాష్ ఆపండి, జూమ్ లాగకండి. తెరమీద ఆకాశాన్ని వేలితో నొక్కి వెలుగు కాస్త తగ్గిస్తే ఎర్రటి ఆకాశం ముందు పిట్ట నల్లటి నీడలా వస్తుంది. రెక్కల రంగు రాలేదని బాధపడకండి, ఆకారం వస్తే చాలు. ఎగిరితే బాగుంటుందని రాయి మాత్రం విసరకండి. పక్షుల్ని పట్టడం, గుడ్లు తీయడం ఇక్కడ నేరం. అడగకుండా మనుషుల్ని ఫొటో తీయడమూ నేరమే. పోలీసు, మిలిటరీ స్థలాల వైపు ఫోను ఎత్తనే వద్దు.

ఇంకో మాట. మనం ఇంటికి పంపే ఫొటోలు ఎలాంటివి? ఎవరిదో కారుకు ఆనుకుని ఒకటి, షాపింగ్ మాల్ ముందు ఇంకొకటి. అవి చూసి తమ్ముడు బండి అడుగుతాడు, బావ అప్పు అడుగుతాడు. గుంటలో నిలబడ్డ కొంగ బొమ్మ పంపితే ఎవరూ ఏమీ అడగరు. "అక్కడ కూడా కొంగలుంటాయా నాన్నా" అని పిల్లలు అడుగుతారు, జీతం ఊసు లేకుండా పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు.

క్రికెట్ టోర్నమెంటుకు బస్సు ఇచ్చే కంపెనీలు చలికాలంలో ఒక్క సెలవు రోజు సాయంత్రం రాస్ అల్ ఖోర్‌కు బస్సు ఇవ్వలేవా? డ్రైవరు ఉన్నాడు, బండి క్యాంపులోనే ఉంది. తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని, ఇరవైమంది కలిసి క్యాంపు బాస్‌ను అడగండి. ఉత్తరం, పేర్ల జాబితా టైపు చేసివ్వడానికి ప్రతి ఆఫీసులోనూ నాలాంటి గుమాస్తా ఒకడుంటాడు.