కంటి ఫొటో ఎవరు చూశారు?

మా అత్తగారికి షుగరు. ఏటా కంటి పరీక్ష చేయిస్తాం. ఈసారి ఫొటోని ముందు కంప్యూటరే చూసిందని రిపోర్టు చేతికొచ్చాక తెలిసింది. "చూస్తే చూసిందిలే అమ్మాయ్, ఒక మాట ముందే చెప్పొచ్చుగా!" అన్నారావిడ. న్యాయమైన మాట.

కంటి డాక్టర్లు లేని ఊళ్ళకి ఈ యంత్రం మేలే. చూపు మందగించకముందే జబ్బుని పసిగట్టొచ్చు. కానీ దానికి చదువు చెప్పిందెవరు? 2016లో గూగుల్ వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి ప్రోగ్రాముకి 1,28,175 కంటి ఫొటోలతో నేర్పారు. వాటిలో మన దేశపు రోగులవీ ఉన్నాయి. గురువుల్లాంటి వాళ్ళకి చెప్పకుండా పని కానివ్వడం ఏం మర్యాద? 2023 ఐసీఎంఆర్ మార్గదర్శకాలూ రోగి సమ్మతి ముఖ్యమనే అన్నాయి.

మీరూ అడగండి: "ఇది ఎవరు చూశారు? డాక్టరుగారు మళ్ళీ చూస్తారా?" అడిగితే తప్పులేదు.