శనివారం వెలాసిటీ, ఆదివారం హీట్: చిన్న షోల మీద తగ్గని మక్కువ

2003 ఫిబ్రవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ వారి 'వెలాసిటీ' కార్యక్రమంలో ఓ మామూలు పోటీ జరిగింది. ఒకవైపు జాన్ సీనా. అప్పటికి తెరమీదికి వచ్చి ఏడాది కూడా నిండలేదు. మరోవైపు బ్రయన్ డేనియల్సన్. కంపెనీ మనిషి కాదు, ఆ రాత్రి వరకే పిలిపించారు. డేనియల్సన్ ఓడిపోయాడు. పిలిచిందే ఓడిపోవడానికి. పదేళ్లు గడిచాక, 2013 ఆగస్టులో, సమ్మర్‌స్లామ్ ప్రధాన పోటీలో అదే మనిషి డేనియల్ బ్రయన్ అన్న పేరుతో అదే సీనాను ఓడించి చాంపియన్ అయ్యాడు. నిమిషాల్లోనే ఆ బెల్టు రాండీ ఆర్టన్ ఎగరేసుకుపోయాడనుకోండి, అది వేరే కథ.

రెజ్లింగ్ అభిమానులు ఈ రెండు పోటీలనూ పక్కపక్కన పెట్టి చూడటం మానలేదు. వాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు ముప్పైల్లో, నలభైల్లో ఉన్నారు. రెజిల్‌మేనియా లాంటి పెద్ద వేడుకల గురించి ఎంత మాట్లాడతారో, ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని 'సండే నైట్ హీట్', 'వెలాసిటీ', 'జాక్డ్', 'మెటల్', డబ్ల్యూసీడబ్ల్యూ 'థండర్' లాంటి రెండో వరస షోల గురించీ అంతే ఇష్టంగా మాట్లాడతారు. దీన్ని చిన్ననాటి బెంగ అని తీసిపారేయడం తేలిక. కానీ ఆ బెంగలో పరిశ్రమ గురించిన ఒక గట్టి ఫిర్యాదు కూడా ఉంది. కొత్తవాడు జనం ముందు, కెమెరాల ముందు, పెద్దగా నష్టం లేకుండా తప్పులు చేసి నేర్చుకునే చోటు ఆ షోలతోపాటే కరిగిపోయిందన్నది ఆ ఫిర్యాదు.

ఈ షోలు ఎందుకు పుట్టాయో చూస్తే విషయం కొంత తేటపడుతుంది. వాటి పుట్టుకకు కారణం కళ కాదు, లెక్కలు. 'రా' కోసమో 'స్మాక్‌డౌన్' కోసమో ఒక ఊళ్లో స్టేడియం తీసుకుంటారు. రింగు, లైట్లు, కెమెరాలు, వ్యాఖ్యాతలు, టిక్కెట్టు కొన్న వేలమంది జనం అన్నీ సిద్ధంగా ఉంటాయి. అసలు కార్యక్రమానికి ముందు ఓ గంట అదనంగా చిత్రీకరిస్తే, దాదాపు ఖర్చు లేకుండా ఇంకో షో చేతికొస్తుంది. దాన్ని స్థానిక చానళ్లకు, విదేశాలకు అమ్ముకోవచ్చు. జనాన్ని కాస్త వేడెక్కించినట్టూ అవుతుంది. బెంచి మీద కూర్చున్న కుర్రాళ్లకు పనీ దొరుకుతుంది.

మొదట్లో మాత్రం అన్నీ ఘనంగానే ఉంటాయి. హీట్ 1998 ఆగస్టు 2న అమెరికాలో యూఎస్ఏ నెట్‌వర్క్‌లో మొదలైంది. 1999 జనవరి 31న సూపర్ బౌల్ విరామ సమయంలో, ఖాళీ స్టేడియంలో రాక్‌కూ మ్యాన్‌కైండ్‌కూ జరిగిన పోటీని 'హాఫ్‌టైమ్ హీట్' పేరుతో వేశారు. కంపెనీలోని అతిపెద్ద బెల్టు ఆ రాత్రి చేతులు మారింది. ఆ తర్వాత కథ మామూలే. పెద్ద తారలు ఒక్కొక్కరే తప్పుకున్నారు. 2000లో షో ఎంటీవీకి మారింది, ఆ తర్వాత స్పైక్ టీవీకి. 2002లో కంపెనీ తన మల్లయోధులను రెండు జట్లుగా విడగొట్టాక హీట్ 'రా' వాళ్లది, కొత్తగా వచ్చిన వెలాసిటీ 'స్మాక్‌డౌన్' వాళ్లది అయింది. 2005కల్లా రెండూ అమెరికా టీవీ నుంచి కంపెనీ వెబ్‌సైట్‌కు జారిపోయాయి. వెలాసిటీ 2006లో, హీట్ 2008లో ఆగిపోయాయి. తర్వాత వచ్చిన 'మెయిన్ ఈవెంట్'దీ ఇదే తీరు. 2012 అక్టోబరులో సీఎం పంక్, షేమస్‌ల పోటీతో ఆర్భాటంగా మొదలై, కొన్నాళ్లకే ఖాళీగా ఉన్నవాళ్ల పోటీల దగ్గరికొచ్చింది.

అయితే ఆ జారుడే ఈ షోలకు మేలు చేసింది. ఫలితం ముందే రాసి ఉండే ఈ ఆటలో 'ఎవరు గెలుస్తారు' అంటే 'కంపెనీ ఎవరి మీద డబ్బు పెట్టదలచుకుంది' అనే అర్థం. ప్రధాన షోలో ప్రతి నిమిషమూ ఆ లెక్కతోనే నడుస్తుంది. ఇరవై నిమిషాల ఉపన్యాసాలు, మధ్యలో ఎవడో పరిగెత్తుకొచ్చి పోటీని పాడుచేయడాలు, వచ్చే ఆదివారం ఫీజు కట్టి చూడమని ఊరించడాలు. చిన్న షోలో అవేవీ లేవు. పై అధికారుల కన్ను దానిమీద ఉండదు. ఇద్దరు మనుషులు రింగులోకి వస్తారు, ఏడెనిమిది నిమిషాలు కుస్తీ పడతారు, ఒకడు గెలుస్తాడు, ఇంటికెళ్తారు. వెలాసిటీలో జేమీ నోబుల్, తాజిరి, పాల్ లండన్, ఫునాకీ లాంటి తేలికపాటి దేహాలవాళ్లకు దొరికిన నిమిషాలు పెద్ద షోలో దొరికేవి కావు.

అక్కడ ఓడినవాళ్ల జాబితా చూస్తే ముచ్చటేస్తుంది. సమోవా జో 2001లో ఈ చిన్న షోల్లో కనిపించి వెళ్లాడు. ఏజే స్టైల్స్ 2002 జనవరిలో 'మెటల్'లో హరికేన్ చేతిలో ఓడాడు. పద్నాలుగేళ్లకు, 2016లో, డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్ అయ్యాడు. సీఎం పంక్ 2005లో హీట్‌లో కనిపించాడు. తర్వాత ఏడాదికి పైగా, 434 రోజులు, బెల్టును అట్టిపెట్టుకున్నాడు. ఓడిపోవడానికే వచ్చేవాణ్ని ఆ వృత్తిలో 'జాబర్' అంటారు. రేపటి చాంపియన్ ఇవాళ్టి జాబర్లలోనే ఉండవచ్చన్న ఊహ ఆ షోలకు అదనపు రుచి. అప్పుడు చూసినవాడికి ఆ రుచి తెలియదు, ఇప్పుడు వెనక్కి చూస్తుంటే తెలుస్తోంది. బెంగలో సగం ఇదే.

మిగతా సగం గురించి కొంచెం నిష్ఠూరంగా మాట్లాడుకోవాలి. ఆ షోల్లో జరిగిన పోటీల్లో ఎక్కువభాగం సాదాసీదావి. అరగంట పాత క్లిప్పులు, పెద్ద షో ప్రకటనలు, రెండు మూడు పోటీలు, అంతే. జ్ఞాపకం వాటిలోంచి డేనియల్సన్‌ను ఏరుకుని మిగతాదంతా వదిలేస్తుంది. పైగా చిన్న షో ఎప్పుడూ మేలే చేస్తుందనీ లేదు. 1998 జనవరిలో డబ్ల్యూసీడబ్ల్యూ మొదలుపెట్టిన 'థండర్' చిన్న షోగా కాదు, రెండో పెద్ద షోగా వచ్చింది. సోమవారం 'నైట్రో'కే కథలు అల్లలేక ఆపసోపాలు పడుతున్న కంపెనీ నెత్తిన అది వారానికి ఇంకో రెండు గంటల భారం మోపింది. మూడేళ్లు తిరిగేసరికి, 2001 మార్చిలో, డబ్ల్యూసీడబ్ల్యూ తన ప్రత్యర్థి చేతికే అమ్ముడుపోయింది. థండర్ ఒక్కదాని వల్లే అలా జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. కానీ అలసటలో దాని వాటా తక్కువేం కాదు.

భారత్‌లో ఈ జ్ఞాపకం ఇంకో రంగులో ఉంటుంది. 2002లో దుబాయ్ కేంద్రంగా టెన్ స్పోర్ట్స్ వచ్చాక రెజ్లింగ్ అంటే ఇక్కడ ఆ చానలే. అమెరికాలో రా జరిగేది సోమవారం రాత్రి, అంటే మనకు మంగళవారం తెల్లవారుజాము. బడికెళ్లే పిల్లవాడు చూసేది సాయంత్రమో సెలవురోజో వచ్చే పునఃప్రసారాన్ని. అప్పుడు తెరమీద ఏది వస్తే అదే రెజ్లింగ్. ఏది మొదటి వరస, ఏది రెండో వరస అన్న తేడా అమెరికా ప్రేక్షకుడికి ఉన్నంత స్పష్టంగా ఇక్కడివాడికి లేదు. అంతకుముందు తొంభైల్లో ట్రంప్ కార్డులతో ఎత్తు, బరువు, ర్యాంకు పోల్చుకుంటూ ఆడుకున్న తరానికి కార్డు మీదున్న ప్రతివాడూ వీరుడే. వాడు అమెరికాలో గెలిచేవాడా ఓడేవాడా అన్నది ఎవరికి కావాలి? తెలుగు ఇళ్లలో అయితే ఇదంతా నిజమా, నాటకమా అన్న వాదనే షో కంటే ఎక్కువసేపు నడిచేది.

ఇప్పుడా కాకతాళీయమే మాయమైంది. 2025 ఏప్రిల్ నుంచి భారత్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ సోనీ చానళ్లను వదిలి నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లిపోయింది. చానల్ తిప్పుతూ తిప్పుతూ ఫునాకీ దగ్గర ఆగిపోవడం చందా కట్టి వెతుక్కుని చూసే చోట జరగదు. అమెరికాతోపాటు పలు దేశాల హక్కుల కోసం నెట్‌ఫ్లిక్స్ కుదుర్చుకున్న పదేళ్ల ఒప్పందం విలువ 500 కోట్ల డాలర్లకు పైనే. పెద్ద షోలకు అంత పలికినప్పుడు, ఉచితంగా వచ్చే ఓ గంట చిత్రీకరణను స్థానిక చానళ్లకు అమ్ముకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది?

దీని దెబ్బ తగిలినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో కంపెనీ 2013లో తెరిచిన పెర్ఫార్మెన్స్ సెంటర్‌కు భారత్ నుంచి పలువురు యువకులు వెళ్లారు. వారిలో వీర్, శాంకీ 2021లో జిందర్ మహల్ పక్కన మెయిన్ ఈవెంట్‌లోనూ కనిపించారు. కానీ అప్పటికే ఆ షో నామమాత్రం. నిలకడగా నెలల తరబడి జనం ముందు తప్పులు దిద్దుకునే అవకాశం వాళ్లకు అక్కడ దక్కలేదు. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో 'సూపర్‌స్టార్ స్పెక్టకిల్' జరిగింది. సీనా స్వయంగా వచ్చాడు, స్టేడియం హోరెత్తింది. ఆ నెలలోనే శాంకీని, 2024 ఏప్రిల్‌లో వీర్, సంగా, జిందర్‌లను కంపెనీ వదిలించుకుంది. మార్కెట్‌గా భారత్ కావాలి, మల్లయోధులను తయారుచేసే నేలగా మాత్రం అంత ఓపిక లేదు. టీఎన్ఏ కంపెనీ పుణెలో తీయగా 2012లో కలర్స్ చానల్‌లో వచ్చిన 'రింగ్ కా కింగ్' ఆ దిశగా జరిగిన ఒక ప్రయత్నం. ఒక్క సీజన్‌తో ముగిసింది.

చిన్న షో పని ఇప్పుడెవరూ చేయడం లేదని కాదు. ఎన్‌ఎక్స్‌టీ ఉంది, 2025 మార్చిలో 'ఇవాల్వ్' మొదలైంది. కానీ ఇవి శిక్షణార్థుల కోసం, వాళ్లలో వాళ్లకు నడిచే షోలు. హీట్‌లో కుర్రాడు వాల్ వీనిస్ లాంటి పాతకాపుతో తలపడేవాడు, ఆ అనుభవం పక్కన నిలబడి ఎక్కడ ఆగాలో, జనం ఎప్పుడు అరుస్తారో నేర్చుకునేవాడు. పాతకాపుకూ వారం వారం పని, కూలి దొరికేవి. ప్రత్యర్థి కంపెనీ ఏఈడబ్ల్యూ 2019లో యూట్యూబ్‌లో మొదలుపెట్టిన 'డార్క్' పాత పద్ధతికి దగ్గరగా వచ్చింది. బయటి కుర్రాళ్లను పిలిచి పెద్దవాళ్ల ఎదుట నిలబెట్టింది. 2023లో అదీ ఆగిపోయింది.

ఇక పాత ఎపిసోడ్ల సంగతి. డబ్ల్యూసీడబ్ల్యూని కొన్న రోజునే దాని వీడియో భాండాగారం కూడా డబ్ల్యూడబ్ల్యూఈ సొంతమైంది. అంటే గెలిచినవాడి జ్ఞాపకాలతోపాటు ఓడినవాడి జ్ఞాపకాలకూ ఒకరే యజమాని. 2014లో డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్ వచ్చినప్పుడు అంతా బయటికొస్తుందని అభిమానులు ఆశపడ్డారు. పెద్ద షోలు వచ్చాయి, చిన్న షోలు ముక్కలుగా వచ్చాయి. ఇప్పుడు 'డబ్ల్యూడబ్ల్యూఈ వాల్ట్' అనే యూట్యూబ్ చానల్ పాత పోటీలను బయటికి తీస్తోంది. అయితే కంపెనీకి అక్కరకొచ్చేది తర్వాత తారలైనవారి తొలినాళ్ల పోటీ. అందుకే డేనియల్సన్, సీనాల పోటీకి ఎప్పుడూ చోటు ఉంటుంది. అభిమానులు అడుగుతున్నది మాత్రం ప్రకటనలు, తడబాట్లతో సహా పూర్తి ఎపిసోడ్‌ను. ఆ తర్వాత ఎన్నడూ చాంపియన్ కాని ఇద్దరు మనుషులు, పెద్ద షో కోసం ఎదురుచూస్తున్న జనం ముందు ఏడు నిమిషాలు శ్రద్ధగా కుస్తీ పట్టిన ఆ మధ్యలో పోటీతో సహా.