సెలవులలో చూతము

మన విద్యార్థులలో విశాఖపట్టణమునకు బోయి, సముద్రతీరమున నిలిపిన కురుసుర జలాంతర్గామి లోపల నడచి వచ్చినవారు అనేకులు కలరు. శాలిహుండము కొండ నెక్కినవారెందఱని తరగతిలో నడిగినచో నాలుగైదు చేతులకు మించి లేవవు. ఆ కొండ శ్రీకాకుళమునకు సుమారు 18 కిలోమీటర్ల దూరమున, వంశధార దక్షిణపుటొడ్డున నున్నది. కారణమడిగిన చెప్పెడి మాట యొకటే: "దగ్గఱదే కదండీ, సెలవులలో చూతము." దసరా సెలవులు పోవును, క్రిస్మసు సెలవులు పోవును, సంక్రాంతియు గడచును. కొండ యచ్చటనే యుండును. బాలుడు మాత్రము పదవ తరగతి ముగించి వెడలిపోవును.

దగ్గఱనుండుటయే దీనికి అడ్డమైనదని మా యభిప్రాయము. దూరమునుండి వచ్చినవానికి తిరుగు టిక్కెట్టు కలదు. ఆ దినము దాటిన మఱల రాలేమని యెఱిగి, ఎండయైనను చూచియే పోవును. మనకట్టి గడువు లేదని తలంచుచున్నాము గాని, కలదు. బ్రతుకుతెరువునకై ఈ జిల్లానుండి వలసపోవువారు ఎందఱో మనమెఱుగుదుము. మన పిల్లలలో ననేకులు విశాఖకో, హైదరాబాదునకో, చెన్నపట్టణమునకో పోవలసినవారే. అచ్చట నెవరైనను "మీ ప్రాంతమున నేమున్నది?" అని యడిగినప్పుడు, "మాది వెనుకబడిన జిల్లా" యనుమాట తప్ప మఱొకటి వారి నోట రాకుండుట మాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

ఏమున్నదో చెప్పెదము. ఆ కొండపై ఇటుకల స్తూపములు, చైత్యగృహములు, భిక్షువులు వసించిన విహారముల పునాదులు ఉన్నవి. బుద్ధ విగ్రహములతోపాటు తార, మారీచి మున్నగు దేవతల విగ్రహములును అచ్చట దొరకినవి. స్తూపమును మాత్రమే పూజించిన తొలి దినములు మొదలు, అనేక దేవతారూపములను చెక్కించుకొన్న తరువాతి కాలము వఱకు బౌద్ధము మారిన తీరెల్ల ఒక్క కొండమీదనే కానవచ్చును. పైనుండి చూచిన క్రింద వంశధారయు, దూరమున కళింగపట్టణపు సముద్రమును కనుపించును. నది, ఓడరేవు, విహారము ఏల యొకచోట జేరినవో ఆ గాలిలో నిలిచిన ఐదు నిమిషములలో బోధపడును. నల్లబల్లపై మేము గంటసేపు పటము గీచినను బోధపడదు.

1919లో ఈ శిథిలములను కనుగొన్నవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారును బడిపంతులే. 1880లో పర్లాకిమిడి పాఠశాలలో చిన్న తరగతుల ఉపాధ్యాయులుగా జేరి, శ్రీముఖలింగ దేవాలయ శాసనములను స్వయంకృషితో చదువ నేర్చిరి. సవరల భాష నేర్చి, ఆ బిడ్డలకు బడులు పెట్టించిరి. పాఠములు చెప్పుట, పరీక్షలు దిద్దుట వారికిని తప్పినవి కావు. (మేమిచ్చట వ్రాయుచున్న ఈ గ్రాంథికమును జూచిన వారేమందురో మాకు తెలియును, మన్నింతురు గాక.) పిదప 1943-46 నడుమ రామచంద్రన్ గారును, 1953-54లో సుబ్రహ్మణ్యం గారును అచ్చట త్రవ్వకములు జరిపిరి.

"క్రైస్తవుల బిడ్డలకు బౌద్ధుల రాళ్లతో నేమి పని?" యని కొందఱు తలిదండ్రులు శంకింపవచ్చును. పౌలు ఏథెన్సు పట్టణమునకు బోయినప్పుడు వీధులన్నియు దిరిగి, ఆ ప్రజల పూజాస్థలములను శ్రద్ధతో జూచెను. అట్లు చూచినందుననే ఒక బలిపీఠమును ఆధారము చేసికొని వారితో మాటలాడగలిగెను. ఆ పౌలునే, తీరిక దొరకినప్పుడు పిలిపింతునని చెప్పి పంపివేసిన అధికారి ఫేలిక్సు. రెండేండ్లు గడచెను, ఫేలిక్సు స్థానమున మఱియొక అధికారి వచ్చెను. పౌలు చెఱసాలలోనే యుండెను. ఆదివారపు బడిలో ఆ కథ నేర్చిన మనవారు "తీరిక" యను మాటను నమ్ముట మాకు వింతగా దోచును.

కావున మేము కోరునది యిది. పరీక్షలకు తేదీ వేసినట్లే దీనికిని తేదీ వేయవలెను. గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నాము. పటమునకు దండ వేసి, నాలుగు ఉపన్యాసములిచ్చి యింటికి బోవుచున్నాము. రాబోవు సంవత్సరము నుండి ఆ దినమున తొమ్మిదవ తరగతివారిని వారు కనుగొన్న కొండకే తీసికొనిపోవుదము. పదవ తరగతి వచ్చినపిదప ట్యూషనులవారు పిల్లలను విడువరు. ఆగస్టులో వానలు కదా యందురేమో. వానయు వాయిదాకు పాత సాకే. తలిదండ్రులు బస్సు ఖర్చును, పులిహోర పొట్లమును, ఒక గొడుగును ఇచ్చి పంపిన చాలును. పెన్సిలు, తెల్లకాగితములు మేమిత్తుము. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తమకు నచ్చిన యొక్క విగ్రహమును నిలువుగా గూర్చుండి గీచికొని రావలెను. బాగుగా గీచినవానిని వచ్చు సంచికలో అచ్చు వేయింతుము.